అహరోను, సర్వరు, ఒక కొసరు బస్తా

2001 నాటికి నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ పోయే మొదటి బస్సులో, డ్రైవరు వెనక రెండో వరసలో కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చునేవారు కాదు. దాని మీద ఎవరి పేరూ రాసి లేదు. వారానికి నాలుగు రోజులు ఆ సీట్లో అహరోను కూర్చునేవాడు, ఆయన ఒళ్లో ఒక నల్ల రెక్సిన్ సంచి కూర్చునేది. ఇద్దరిలో సంచికే మర్యాద ఎక్కువ. వాన కురిస్తే అహరోను తడిసేవాడు, సంచి గొడుగు కింద నడిచేది.

ఆ సంచిలో షఫీయుద్దీన్ సేట్ కందిపప్పు మిల్లు కాగితాలు ఉండేవి. ఏ లారీలో ఎన్ని బస్తాలు బయలుదేరాయో చెప్పే చిట్టా, తూకం చీటీ, బిల్లు. లారీ జోగిపేట దగ్గర పంక్చరై సగం రోజు ఆలస్యంగా వచ్చినా బేగంబజారు వ్యాపారులు ఓర్చుకునేవారు. కాగితం రాకుండా లారీ వస్తే మాత్రం ఎవరికీ దాని ముఖం గుర్తుండేది కాదు. కళ్లెదుట పది టన్నుల పప్పు నిలబడి ఉన్నా, కాగితం చేరేదాకా అది పప్పు కాదు.

అహరోను తాత మిషన్ బళ్లో గంట కొట్టాడు, తండ్రి సిర్గాపూర్ వైపు పొలాల్లో కూలి చేశాడు. అహరోను ఏడో తరగతి దాకా చదివి, 1982లో సేట్ కాగితాలు పట్టుకుని బస్సెక్కాడు. ఎక్కిన మొదటి నెలలోనే కొన్ని నియమాలు పెట్టుకున్నాడు. వాటిని ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు, ఆయన ఒక్కటీ తప్పలేదు. కవరు ఇచ్చే ముందు లక్క ముద్ర చెదరలేదని ఎదుటివాడికి చూపించాలి. గులాబి రంగు నకలు మీద వాళ్ల ముద్ర పడేదాకా ఆ దుకాణంలో చాయ్ తాగకూడదు. ఏ కాగితమైనా పోయి రెండోసారి పంపవలసి వస్తే, దాని నెత్తిన ఎర్ర సిరాతో 'దుసరా' అని రాయాలి. లేకపోతే అవతలివాడు ఒక లారీని రెండు లారీలనుకుంటాడు. ఒకసారి ఒక గుమాస్తా చాయ్ ముందు పెట్టి ముద్ర తర్వాత వేస్తానన్నాడు. ఆ చాయ్ చల్లారి మీగడ కట్టింది. ముద్ర పడ్డాకే అహరోను గ్లాసు ముట్టుకున్నాడు.

ఇవన్నీ కాగితం మీది సంగతులు. కాగితం మీద లేని సంగతి ఒకటి ఉండేది. అది కొసరు.

సేట్ తండ్రి కాలం నుంచీ మిల్లుకు ఒక ఆచారం. రెండు వందల బస్తాల లారీ కదిలితే దాని మీద ఒక బస్తా కొసరు. కూరగాయలమ్మే మనిషి తూచాక రెండు మిరపకాయలు వేసినట్టు, ఈ మిల్లు యాభై కిలోల బస్తా వేసేది. దాన్ని చిట్టాలో రాయరు. ఎందుకు రాయరని ఒక ఆడిటరు అడిగితే సేట్, "రాస్తె గది కొసరు ఎట్లయితది? బాకీ అయితది" అన్నాడు. ఆడిటరు ఆ వాక్యాన్ని ఏ పద్దు కింద వేయాలో తెలియక చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ బస్తా కబురు అహరోను నోట్లో ప్రయాణం చేసేది. ముద్ర పడి, చాయ్ తాగి, లేచేటప్పుడు ఆయన మెల్లగా, "ఒకటి సేట్ సలాం" అనేవాడు. అవతలివాడు తల ఊపేవాడు. దానికి మాత్రం అహరోను ఎన్నడూ రసీదు అడగలేదు.

2008లో ఒక పెద్ద కంపెనీ వచ్చింది. ఊళ్లూళ్లా దుకాణాలున్న కంపెనీ. మిల్లు ఆడించిన పప్పంతా మేమే తీసుకుంటాం, కానీ కాగితం ముట్టం అంది. ఆర్డరు వాళ్ల మిషను నుంచి మిల్లు మిషనుకు వస్తుంది, చిట్టా మిల్లు మిషను నుంచి వాళ్ల మిషనుకు పోతుంది, మధ్యలో మనుషుల ప్రమేయం ఉండదు. ఈ ఏర్పాటులో చేరినవాళ్లను వ్యాపార భాగస్వాములంటారు.

"భాగస్వామి అంటుండ్రు, మొహం సూపిస్తలేరు," అన్నాడు సేట్. "నిఖా గూడ గిట్ల కాదు గదా."

అయినా ఒప్పుకున్నాడు. బేగంబజారు పాత గిరాకీలకు సలాం చెప్పి, మిల్లు పప్పు మొత్తం కంపెనీకే అమ్ముతానని రాసిచ్చాడు. గోనె సంచుల గదికి సున్నం వేయించి, ఏసీ పెట్టించి, అందులో సర్వరును ప్రతిష్ఠించారు. సేట్ కూర్చునే గద్దె మీది ఫ్యాను మాత్రం ఎప్పటిలాగే రెండో నంబరు దాటి తిరగలేదు. మిషను చూసుకోవడానికి సేట్ మేనకోడలు ఉమేరా కుదిరింది. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. దాన్ని బిగించడానికి హైదరాబాద్ నుంచి బాలకిషన్ అనే ఇంజనీరు వచ్చాడు.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగాన్ని తినేయబోయే వస్తువును దగ్గరి నుంచి చూద్దామని అహరోను ఆ గదిలోకి వెళ్లాడు.

"ఇగో కాకా," అన్నాడు బాలకిషన్. "మన చిట్టా గీండ్ల ఒక కవరుల వడ్తది. కవరుకు మన సీలు వడ్తది. తీగ మీదికెళ్లి కంపెనీ సర్వరు కాడికి పోతది. అది ముందుగాల సీలు చూసుకుంటది. మనదైతెనే ఇప్పుతది."

"ఇప్పినంక?"

"అన్నీ సరిగ్గున్నయా చూసుకొని, దాని ముద్రేసి రసీదు పంపుతది."

"రసీదు రాకుంటె?"

"మళ్ల పంపుతది."

"మొదటిది గూడ చేరి ఉంటె? రెండు లారీలనుకోదా?"

బాలకిషన్ చేతిలోని స్క్రూడ్రైవరు ఆగింది. "రెండిటి మీద ఒక్కటే నంబరుంటది. చూసి రెండోదాన్ని పక్కకు పెడ్తది."

"నేను ఎర్ర సిరాతోని దుసరా అని రాస్త," అన్నాడు అహరోను.

బాలకిషన్ కింద నుంచి లేచి స్టూలు మీద కూర్చున్నాడు. "కాకా, గిది సమజయ్యేదానికి మమ్ముల బెంగుళూరుల మూడు దినాలు కూసోబెట్టిండ్రు."

"నన్ను ఇరవై ఆరేండ్లు బస్సుల కూసోబెట్టిండ్రు."

పరీక్షకని మొదటి చిట్టా పంపిన రోజు మిల్లు మిల్లంతా ఆ గది గుమ్మంలో నిలబడింది. ఉమేరా ఒక మీట నొక్కింది. అహరోను మనసులో బస్సెక్కాడు. బస్సింకా డిపో గేటు దాటక ముందే తెర మీద ఒక పచ్చని గీత వెలిగింది.

"వచ్చింది చాచా. రసీదు."

"యాడికెళ్లి?"

"కంపెనీకెళ్లి."

"ఎవరు తీసుకున్నరు?"

"ఎవరూ లేరు. మిషినే తీసుకున్నది."

అహరోను ఆ పచ్చగీతను చాలాసేపు చూశాడు. శంకరంపేట లేదు, జోగిపేట లేదు, సంగారెడ్డిలో పావుగంట ఆగడం లేదు, మీగడ కట్టిన చాయ్ లేదు. లేచి నిలబడే మనిషి కూడా లేని చోట ముద్ర పడింది, తిరిగి వచ్చింది. తనకు నాలుగు గంటలు పట్టే దూరాన్ని అది పోతూ వస్తూ కలిపి నాలుగు శ్వాసల్లో ముగించింది. అంత వేగంలోనూ అహరోను నియమాల్లో ఒక్కదాన్నీ తప్పలేదు. అహరోనును ఆశ్చర్యపరిచింది వేగం కాదు, ఆ నిష్ఠ. మర్నాటి నుంచి ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లేవాడు. దుమ్ము పడొద్దని ఉమేరా అందరికీ అదే చెప్పింది. చెప్పకపోయినా ఆయన విడిచేవాడే.

ఇంటికి పోయి భార్య లిదియాకు చెప్పాడు. "ఏది పంపినా అందిందని చెప్తది. ఒక్కటి ఇడవదు. నువ్వు నలభై ఏండ్ల సంది దేవునికి ప్రార్థనలు పంపుతున్నవు, ఒక్క రసీదన్న వచ్చిందా?"

లిదియా రొట్టె తిప్పుతూనే, "రసీదు అడిగేది బేరగాండ్లు," అంది. "నీ కంచం కడుక్కో."

సేట్ అహరోనును పనిలోంచి తీయలేదు. "మిషిన్ తప్పు చేస్తె దాని మీద ఎట్ల అరువాల్నో నాకు రాదు," అన్నాడు. "నీ మీద అరుసుడు ఆదతైంది. ఉండు." అలా అహరోను లారీల్లో బస్తాలు ఎక్కించే చోటికి పెద్ద అయ్యాడు. ఆచారం ప్రకారం మొదటి లారీలో రెండు వందల బస్తాలు ఎక్కించి, ఆ పైన ఒకటి వేయించాడు.

ఆ సాయంత్రం తెర మీద గీత ఎర్రగా వచ్చింది. పంపినట్టు చెప్పినవి 200. వచ్చినవి 201. తేడా. తిరస్కరించబడింది. మర్నాడు లారీ రెండు వందల ఒక్క బస్తాలతో, పీటల మీంచి లేచొచ్చిన పెళ్లికొడుకులా, మిల్లు ముందు నిలబడింది.

తక్కువ పంపి మాట పడటం వ్యాపారంలో మామూలు సంగతి. ఎక్కువ పంపి మాట పడటం ఆ మిల్లు పుట్టాక మొదటిసారి. అక్కడివాళ్లు సరిగా లెక్కపెట్టి ఉండరని అందరూ తీర్మానించుకున్నారు. లెక్క సరిగ్గా ఉండటమే అసలు చిక్కని ఎవరికీ తట్టలేదు. రెండో లారీ వెళ్లింది. రెండో లారీ కూడా కొసరుతో సహా తిరిగొచ్చింది.

ఉమేరా కంపెనీకి ఫోన్ చేసింది. ఆర్డరులో లేని బస్తా ఎవరిది, అందులో ఏముంది, ఎందుకు పంపారు అని వాళ్లడిగారు. దురుద్దేశం లేదని చెబితే, ఉద్దేశం రాయడానికి కాలమ్ లేదన్నారు. మూడోసారి కూడా తేడా వస్తే భాగస్వాముల జాబితాలోంచి మిల్లు పేరు దానంతటదే పోతుందట. తీసేసేది మనిషి కాదు కాబట్టి బతిమాలడానికీ వీల్లేదు. పాత గిరాకీలు అప్పటికే వేరే మిల్లులు చూసుకున్నారు. కంపెనీ పోతే ఆ ఏటి పప్పుకు చోటు లేదు. పప్పు ఏరే నలభై మంది ఆడవాళ్లకు పని లేదు. అహరోనుకు తిరిగెక్కడానికి బస్సు కూడా లేదు.

"కొసరు బంద్ చెయ్యి మామూ," అంది ఉమేరా. "అయిపోతది."

"మా అబ్బా మొదలువెట్టిండు. నేను బంద్ చేస్తనా?"

"అయితె రెండు వందల ఒకటని రాసేద్దాం."

"రాస్తె కొసరు కాదు."

"రాసినా తీసుకోదు. ఆర్డరే రెండు వందలు."

"మరి దానికి తెల్వదా, మంచికిచ్చిందో చెడ్డకిచ్చిందో? గంత చదువుకున్న మిషిన్."

గద్దె మీది ఫ్యాను రెండో నంబరులో తిరుగుతూ ఉంది. గుమ్మంలో నిలబడ్డ అహరోను గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, గది ఏమేం మాఫ్ చేస్తది?"

"ఏంది చాచా?"

"బేగంబజారుల ఒక్కో దుకాణం ఒక్కోటి మాఫ్ చేస్తుండె. ఒకడు లేటైతె ఊకుంటుండె, ముద్ర చెదిరితె ఊకోకపోతుండె. ఇంకొకడు ముద్ర సూడకపోతుండె గని తారీకు తప్పితె మీదవడుతుండె. ఏమీ మాఫ్ చెయ్యనోడు దుకాణం నడుపలేడు. గా మిషిన్ గూడ నడుస్తుంది గదా. ఏదో ఒకటి మాఫ్ చేస్తది. సూడు."

భాగస్వామ్యపు నియమాలు అరవై పేజీలున్నాయి. సంతకం పెట్టిన సేట్‌తో సహా వాటిని ఎవరూ చదవలేదు. ఉమేరా ఆ మధ్యాహ్నమంతా చదివింది. నలభై మూడో పేజీలో, చిన్న అక్షరాల పట్టికలో, ఒక వరస దగ్గర ఆగింది. బస్తాల సంఖ్యలో తేడాకు క్షమ లేదు. బస్తా బరువు తగ్గితే క్షమ లేదు. బస్తా బరువు పెరిగితే మాత్రం అరశాతం దాకా సర్వరు పట్టించుకోదు.

"యాభై కిలోలకు అరశాతం," అన్నాడు అహరోను. "పావు కిలో." వేళ్ల మీద కణుపులు ఎంచి ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి ఎంచాడు. "రెండు వందల బస్తాలకు రెండు వందల పావులు. యాభై కిలోలు."

"ఒక బస్తా," అంది ఉమేరా.

ఏ దేశంలోనో, ఏ గదిలోనో, నారాయణఖేడ్ పేరు కూడా విననివాడొకడు, ఆ పట్టిక రాస్తూ రాస్తూ సరిగ్గా ఒక కొసరు బస్తా పట్టేంత సందు వదిలిపెట్టాడు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. సేట్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"గా మనిషి అమ్మ యాడనో దుకాణంల కూసున్నది," అన్నాడు. "కొసరు తెల్వనోడు గిట్ల రాయడు."

అయితే సరిగ్గా హద్దు గీత మీద నిలబడటం ప్రమాదమని అహరోనుకు తెలుసు. ఇక్కడి కాటా, అక్కడి కాటా ఒక తల్లి పిల్లలు కావు. పావు కిలోకు ఒక పిసరు తక్కువుండాలి, అన్ని బస్తాల్లోనూ ఒకే లెక్కన ఉండాలి. ప్రతి బస్తా కాటా మీద యాభైకి ఆగాక, మూతి కుట్టే ముందు, ఒక దోసెడు పప్పు పోయాలి. ఎవరి దోసెడన్నదే ప్రశ్న. సేట్ దోసెడు తూస్తే మూడు వందల పది గ్రాములు తూగింది. "ఇచ్చే చెయ్యి," అని ఆయన సంతోషించాడు. అహరోనుది రెండు వందల ఎనభై. నలభై మంది ఆడవాళ్లూ వరసగా వచ్చి కాటా మీద దోసిళ్లు కుమ్మరించారు. వయసులో అందరికంటే పెద్దది, అందరికంటే చిన్న చేతులున్నది అయిన బాను బీ దోసెడు రెండు వందల ఇరవై తూగింది. మళ్లీ పోయమంటే మళ్లీ రెండు వందల ఇరవై. పదిసార్లు పోసింది. పదిసార్లూ అంతే. ఎలక్ట్రానిక్ కాటాయే ఒకసారి తడబడింది గాని ఆమె చెయ్యి తడబడలేదు.

"రెండు వందల బస్తాలల్ల నేనే పొయ్యాల్నా?" అంది బాను బీ. "గీండ్ల నలభై మంది ఉండంగ?"

"నీ చెయ్యే సరిపోయింది బానక్కా."

"నలభై ఏండ్ల సంది ఏరుతున్న. నా చెయ్యి ఒక్కనాడు ఎవరు సూడలె. గిప్పుడు మిషిన్ సూడాల్నట." చేతులు కొంగుకు తుడుచుకుంది. "స్టూలు తెప్పియ్యి. నడుము వంగదు. ఇగ నేను పోస్తున్నప్పుడు ఎవ్వరు ముచ్చట వెట్టొద్దు."

స్టూలు తెచ్చారు. ప్రతి దోసెడుకూ ఆమె పెదాలు బిస్మిల్లా అని కదిలాయి, వెంటనే అహరోను దబ్బనంతో మూతి కుట్టాడు. రెండు వందల బస్తాలు కుట్టేసరికి ఆయన వేళ్లు వాచాయి. మర్నాడు తెల్లవారుజామున లారీ రెండు వందల బస్తాలతోనే కదిలింది. చిట్టా రెండు వందలనే చెప్పింది. రసీదు నాలుగు శ్వాసల్లో వచ్చింది. అయితే అది చిట్టాకు వచ్చిన రసీదు. పప్పుకు రావలసిన జవాబు లారీ చేరి, ప్రతి బస్తా కాటా ఎక్కి దిగాక గాని రాదు.

ఆ రోజు మధ్యాహ్నం అహరోను సర్వరు గదిలో గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఉమేరా చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. ఆయన ముట్టుకోలేదు. గుమ్మంలో బాను బీ, ఆమె వెనక సేట్, ఆయన వెనక హమాలీలు. ఒకసారి కరెంటు పోయింది, ఇన్వర్టరు మూలిగింది, అందరూ కలిసి ఊపిరి బిగబట్టి దాన్ని నిలబెట్టారు. చాయ్ మీగడ కట్టింది.

మూడూ ఇరవైకి గీత వెలిగింది. పచ్చగా.

"వచ్చినవి రెండు వందలు," ఉమేరా చదివింది. "బరువు హద్దులో ఉంది. అంగీకరించబడింది."

బాను బీ తన అరచేతులు తిప్పి చూసుకుంది. సేట్ గద్దె దగ్గరికి నడిచి, నలభై ఏళ్లలో మొదటిసారి ఫ్యాను మూడో నంబరు మీద పెట్టాడు. అహరోను మీగడ వేలితో పక్కకు తీసి, చల్లారిన చాయ్ ఆఖరి చుక్క దాకా తాగాడు.

ఆ తర్వాత ఆరేళ్లు మిల్లు పేరు జాబితాలోనే ఉంది. లారీలు పోయాయి, దోసిళ్లు పోయాయి, పచ్చగీతలు వచ్చాయి. అహరోనుకు లోపల ఒక్క వెలితి మిగిలింది. కొసరు పోతోంది, కబురు పోవడం లేదు. అవతల ఎవరూ తల ఊపడం లేదు. ఎవరికీ తెలియని కొసరు కొసరేనా అని ఒకటి రెండుసార్లు లిదియాను అడిగాడు. అది దానం కిందికి వస్తుందని, ఇంకా మంచిదని లిదియా అంది. ఆయనకు తృప్తి కలగలేదు. ఆయన దానధర్మాల మనిషి కాదు, కాగితాల మనిషి.

2014లో ఆయన పని మానుకోబోయే నెలలో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఉమేరా స్పీకరు పెట్టింది. కోస్తా యాసలో మాట్లాడే ఒక అమ్మాయి.

"మేడం, మీ కాటా ఒకసారి రిపేరు చేయించుకోండి. తప్పేం కాదు, హద్దులోనే ఉంది. కానీ ఆరేళ్లుగా మీ ప్రతి లారీ నలభై నాలుగు కిలోలు ఎక్కువ వస్తోందని సిస్టం చూపిస్తోంది. ఎప్పుడూ తగ్గలేదు. 2011 ఆగస్టులో రెండు లారీలు మాత్రం నలభై ఒకటి."

ఉమేరా అహరోను వైపు చూసింది. 2011 ఆగస్టులో బాను బీ కూతురి కాన్పుకని కంగ్టి ఊరికి పోయింది. ఆ పదిహేను రోజులు ఆమె కోడలు ఇక్రా పోసింది. ఇక్రా చేతులు ఇంకా చిన్నవి.

అహరోను గోడ పట్టుకుని లేచాడు. గది మూలన చల్లగా గురగురమంటున్న ఆ నల్లటి పెట్టెను, ఎన్నడూ చూడనట్టు, కింది నుంచి పైదాకా చూశాడు. తీగకు అవతలున్న దాని జోడుకు ప్రతి దోసెడూ తెలుసు. ఏ చెయ్యి ఎప్పుడు మారిందో తెలుసు. ఆరేళ్లు తెలిసి ఊరుకుంది. పచ్చగీత వెలిగించిందే గాని ఒక్కసారీ అడగలేదు. బేగంబజారులో అంత పెద్దమనిషిని ఆయన చూడలేదు.

ఫోన్ దగ్గరికి వంగాడు. "బిడ్డా, కాటా సరిగ్గనే ఉన్నది. గది తప్పు కాదు, కొసరు."

"కొసరా అండీ?"

"ఆఁ. లారీకి ఒకటి. సేట్ సలాం చెప్పమన్నడు."

అమ్మాయి నవ్వినట్టుంది. నవ్వి, మళ్లీ ఉద్యోగంలోకి వచ్చింది. "మా అమ్మమ్మ కూడా కొసరు అడిగి తీసుకునేది లెండి. కానీ కారణం రాయాలండీ ఇక్కడ. ఈ లిస్టులో కొసరు అని లేదు."

"రాయకు బిడ్డా," అన్నాడు అహరోను. "నువ్వు ఇన్నవు గదా. సాలు."